ఈ మాత్రలో గోధుమ ఉందా?

బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూస్తే లోపల ఏమేం వేశారో వరసగా రాసి ఉంటుంది. మాత్రల షీటు తిప్పి చూడండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, కలిపిన రంగు, బ్యాచ్ నంబరు, ధర కనిపిస్తాయి. ఆ మందును బిళ్ళగా నిలబెట్టిన మిగతా సరుకంతా చాలాసార్లు ‘ఎక్సిపియంట్స్ క్యూ.ఎస్.’ అన్న ఒక్క మాటలో సరిపెట్టేస్తారు. తగినంత కలిపాం అంటారే గాని, ఏం కలిపారో చెప్పరు. 2023 ఆగస్టు 1 నుంచి మూడు వందల బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. దాన్ని స్కాన్ చేసినా చాలాసార్లు తయారీదారు పేరు, బ్యాచ్, గడువు తేదీ లాంటివే వస్తాయి. గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బున్న బిడ్డకు, అది ఉండే గోధుమ, బార్లీ, రై అంటకుండా ఇల్లంతా సర్దుకున్న అమ్మానాన్నలకు ఇక్కడికొచ్చేసరికి కాళ్ళూ చేతులూ ఆడవు.

ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. పొడి ఒకదానికొకటి అంటుకుని ఉండటానికి, కడుపులో పడగానే విచ్చుకోవడానికి మాత్రలో స్టార్చ్ కలుపుతారు. అది చాలావరకు మొక్కజొన్నది, లేదా బంగాళాదుంపది, లేదా మన పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసే కర్రపెండలానిది. గోధుమ స్టార్చ్ వాడకం తక్కువ. వాడినా అది గోధుమపిండి కాదు, గ్లూటెన్‌ను చాలామటుకు వేరుచేసి తీసిన పదార్థం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 డిసెంబరులో ఈ విషయం మీదే ఒక ముసాయిదా విడుదల చేసింది. గోధుమపిండిని గాని గ్లూటెన్‌ను గాని కావాలని కలిపిన నోటి మందు ఏదీ తమ దృష్టికి రాలేదని అందులో చెప్పింది. గోధుమ స్టార్చ్ ఉన్న మందైనా ఒక మోతాదులో గ్లూటెన్ అర మిల్లీగ్రాము మించదని అంచనా వేసింది.

అర మిల్లీగ్రాము అంటే ఎంత? ‘గ్లూటెన్ ఫ్రీ’ అని అమ్మే తిండిలో కిలోకు 20 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. ఆ హద్దులో ఉన్న చిరుతిండి 30 గ్రాములు తిన్నా 0.6 మిల్లీగ్రాములు లోపలికి పోవచ్చు. రోజు మొత్తానికి 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలామందికి పేగు దెబ్బతినదని పరిశోధకుల మాట. ఒక్క చపాతీలో గ్లూటెన్ గ్రాముల్లో ఉంటుంది. అందుకే నా మటుకు నేను మాత్ర కన్నా ఆ మాత్రను నలగ్గొట్టే చపాతీ పీటకే ఎక్కువ భయపడతాను. చిన్నపిల్లలున్న ఇళ్ళలో పీట మీద అప్పడాల కర్రతో మాత్ర పొడిచేసి, చేదు తెలియకుండా బూస్ట్ కలిపిన పాలలో వేసి తాగించడం మామూలే. మందులో లేని గోధుమ, బార్లీ ఆ పీటలోంచి, ఆ గ్లాసులోంచి వస్తాయి. మందు నలపడానికి వేరే చిన్న గిన్నె, చెంచా పెట్టుకోండి. తేనెలోనో అరటిపండు గుజ్జులోనో కలపండి. నలపకూడని మాత్రలు కూడా ఉంటాయి, డాక్టరును అడిగాకే ఆ పని చేయండి.

నిజంగా కన్నేసి ఉంచాల్సినవి టానిక్కులు, బలం పొడులు. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని ఉంటే అది దాదాపుగా బార్లీయే. ఆ సీసా వద్దు. మాల్టోడెక్స్‌ట్రిన్ పేరులో కూడా మాల్ట్ వినిపిస్తుంది గాని, అది ఎక్కువగా మొక్కజొన్న నుంచి వస్తుంది, దాని జోలికి పోయి కంగారు పడకండి. ఇంట్లో రాగులతో కాచిన రాగిమాల్ట్‌కూ భయం లేదు. కొనే పొడిలో మాత్రం గోధుమ కలిసిందేమో చదవాలి. ఆయుర్వేద మందుల మీద యవలు అని ఉంటే బార్లీ అనే అర్థం. రక్తం పడుతుందని ఎవరో తెచ్చిచ్చే గోధుమగడ్డి పొడిని మర్యాదగా పక్కన పెట్టేయండి. ఇక్కడ ఒక సదుపాయం ఉంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సుతో అమ్మే విటమిన్ బిళ్ళలు, ప్రొటీన్ పొడులు చట్టం దృష్టిలో ఆహారం. గ్లూటెన్ ఉన్న ధాన్యం కలిస్తే లేబుల్ మీద చెప్పి తీరాలి. మందుగా అమ్మే వాటికి ఆ నియమం లేదు. కాబట్టి ఐరన్ సిరప్ కొనేటప్పుడు సీసా మీద ఏ లైసెన్సు ఉందో ముందు చూడండి.

రోజూ వేసే మందులకు మాత్రం పట్టుబట్టి కనుక్కోవాలి. సీలియాక్ ఉన్నవారిలో థైరాయిడ్ లోపం, టైప్ 1 మధుమేహం మామూలు జనం కన్నా ఎక్కువ. థైరాక్సిన్, కాల్షియం, ఫిట్స్ మందు ఏళ్ళ తరబడి సాగేవి. షీటు మీద తయారీదారు పేరు, ఎక్కువగా కస్టమర్ కేర్ నంబరు, ఈమెయిల్ ఉంటాయి. ఫోను కన్నా ఈమెయిల్ మేలు, జవాబు చేతిలో ఉంటుంది. ‘గ్లూటెన్ ఉందా’ అని ఊరుకోకండి. ‘ఫలానా బ్యాచ్ మందులో స్టార్చ్ వాడారా, వాడితే దేని నుంచి తీసింది? గోధుమ, బార్లీ, రై నుంచి వచ్చిన పదార్థం ఏదైనా ఉందా?’ అని రాయండి. ‘మేం కలపలేదు, కాని గ్లూటెన్ ఫ్రీ అని ధ్రువీకరించలేం’ అని జవాబు రావచ్చు. అది చాలామంది తయారీదారులు ఇచ్చే జాగ్రత్త జవాబే, దాన్ని చూసి మందు ఆపక్కర్లేదు. ఆ జవాబును డాక్టరుకు చూపించండి.

ఇంకో చిక్కుంది. అదే మందు వేరే కంపెనీదైతే లోపలి సరుకు వేరు. మెడికల్ షాపులో ‘అది లేదండీ, ఇది కూడా సేమే’ అని ఇంకోటి చేతిలో పెడతారు. మందు సేమే, స్టార్చ్ సంగతి షాపాయనకు తెలియదు. ఖాయం చేసుకున్న బ్రాండు పేరు ఫోనులో ఫొటోగా ఉంచుకుని, అయిపోయే వారం ముందే చెప్పి తెప్పించుకోండి.

అయితే కనుక్కునేదాకా మందు ఆపుదాం అన్న ఆలోచన రానివ్వొద్దు. బిడ్డకు 103 జ్వరం ఉన్నప్పుడు, ఫిట్స్ వచ్చే బిడ్డకు రాత్రి మోతాదు వేసే వేళ, స్టార్చ్ ప్రశ్న రేపటికి వాయిదా. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మొదలుపెట్టి, ఆ తరవాత అడగండి. ఇంజెక్షన్లు, ఇన్సులిన్, సెలైన్ పేగు దారిన పోవు కాబట్టి వాటి గురించి బెంగ వద్దు. డబ్ల్యూహెచ్ఓ సూత్రం ప్రకారం చేసే ఓఆర్ఎస్‌లో గ్లూకోజు, లవణాలు తప్ప ధాన్యం ఉండదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ పని సులువు. అక్కడ మందులో కలిపిన ప్రతి పదార్థాన్నీ డైలీమెడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చదవొచ్చు. ఐరోపాలో గోధుమ స్టార్చ్ ఉంటే మందు డబ్బాలోని కాగితంలోనే చెబుతారు. చిక్కల్లా ఇక్కడి నుంచి అమ్మమ్మ సూట్‌కేసులో తీసుకెళ్ళే సిరప్పులతోనే. ఆవిడ బయల్దేరక ముందే ఫోన్ చేసి, ఏవి తేవాలో చెప్పండి.

ఇంత చేసినా రక్తపరీక్షలో టీటీజీ (సీలియాక్ యాంటీబాడీ) దిగకపోతే ముందుగా మాత్రను అనుమానించకండి. రసంలో వేసే ఇంగువ పొడిలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. అన్నవరం ప్రసాదం గోధుమ నూకది. వ్రతాల్లో అదే చేతిలో పెడతారు, వద్దనడం కష్టం. స్కూల్లో స్నేహితుడి డబ్బాలో సేమ్యా ఉండొచ్చు. అవన్నీ వడకట్టాక మందుల ఫైలు తీయండి. థైరాక్సిన్ వాడే బిడ్డయితే టీటీజీ దిగినప్పుడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చేయించమని అడగండి. పేగు మానేకొద్దీ మందు బాగా ఒంటబట్టి, పాత మోతాదు ఎక్కువ కావచ్చు.