మోనార్క్ లేత్: రంగు కాదు, బెడ్ చూడాలి

ప్రశ్న: పాత మోనార్క్ 10ఈఈ లేత్ అమ్మకానికొచ్చింది. కొనొచ్చా?
– ఓ పాఠకుడు, అమెరికా

జవాబు: ఒహాయో రాష్ట్రంలోని సిడ్నీలో 1939 నుంచి తయారైన ఈ లేత్ అంటే టూల్‌రూమ్ పనివాళ్లకు ఇప్పటికీ మోజే. అయితే కొత్తగా వేసిన రంగును నమ్మకూడదు.

బెడ్ ఎక్కువగా అరిగేది చక్ దగ్గర. అక్కడ క్యారేజ్‌ను కాస్త బిగించి టెయిల్‌స్టాక్ వైపు నడపాలి. పోనుపోనూ పట్టేస్తే బెడ్ అరిగినట్టే. దాన్ని మళ్లీ గ్రైండింగ్ చేయించే ఖర్చు ఒక్కోసారి మెషీన్ ధరనే మించిపోతుంది.

అసలు తలనొప్పి ఈ లేత్‌ను తిప్పే డీసీ మోటారుది. పాతవాటిలో చాలావాటికి మోటార్-జనరేటర్, తర్వాతివాటికి ఎలక్ట్రానిక్ ట్యూబులు కరెంటిస్తాయి. అవి చెడితే కొందరు త్రీఫేజ్ మోటారు, దాని వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ బిగిస్తారు. అప్పుడు బ్యాక్‌గేర్‌ను మాత్రం తీసేయకూడదు. తక్కువ వేగంలో బలమంతా దానిదే.

బెడ్ బాగుండి మోటారు పాడైతే బేరమాడి కొనొచ్చు. బెడ్డే అరిగితే వదిలేయడం మేలు.