సంఘాల గొలుసులో లెక్కలకు కాపుదల

పెనుకొండ ప్రాంతపు రైతులకు గొలుసుకట్టు చెరువుల సంగతి చెప్పనక్కరలేదు. పై చెరువు కట్ట తెగినచో ఆ వరద క్రింది చెరువు మీద పడును. క్రింది రైతు తన కట్టను ఎంత గట్టిగా వేసికొన్నను ఒక్కొక్కప్పుడు లాభముండదు. సహకార సంఘము, జిల్లా బ్యాంకు, వాటి కంప్యూటర్లను నడుపు కంపెనీ, చెల్లింపుల సంస్థ — ఇవియు నేడు అట్టి గొలుసే.

2024 జూలై ఆఖరున ఈ గొలుసులో ఒక కట్ట తెగినది. దేశములో సుమారు 300 చిన్న బ్యాంకులకు — వానిలో సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు ఎక్కువ — కంప్యూటర్ సేవలందించు సీ-ఎడ్జ్ అను కంపెనీ దాడికి గురియైనది. దస్త్రములకు తాళము వేసి, విప్పుటకు సొమ్ము అడుగు రకపు దాడి అది. దానితో కలిసి పనిచేయు మరియొక కంపెనీలో, సరిగా అమర్చని ఒక సర్వరు ద్వారా దుండగులు చొరబడిరని భద్రతా పరిశోధకులు తేల్చిరి. జాతీయ చెల్లింపుల సంస్థ వెంటనే సీ-ఎడ్జ్‌ను తన వ్యవస్థనుండి వేరుచేసినది. తూము మూసినట్లన్నమాట. ఏ పాపము ఎరుగని ఖాతాదారులకు ఫోను చెల్లింపులు ఆగిపోయినవి. అయినను ఆ పని మంచిదే. మూయకున్నచో తక్కిన బ్యాంకులకు కూడ ముప్పు పాకెడిది. ఆగస్టు 1న, తనిఖీ పిమ్మట, మరల కలిపిరి.

దొంగ ఎల్లప్పుడు బయటివాడే కానక్కరలేదు. ఎర్రమంచిలోని కియా కార్ల కర్మాగారములో సుమారు 900 ఇంజన్లు లెక్కకు తగ్గినవని 2025 మార్చిలో పోలీసులకు ఫిర్యాదు అందినది. ఇన్ని ఇంజన్లను గోడ దూకినవాడు మోయజాలడు గదా! లోగుట్టు తెలిసినవారి పనేనని పోలీసులు అనుమానించిరి. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు గాని, నెలనెలా సరకును పుస్తకముతో సరిచూచువాడు పట్టగలడు.

మన సంఘములలో తరచు కనబడు లోపమొకటి కలదు. గుమాస్తాలందరు ఒకే పేరుతో, ఒకే రహస్య పదముతో కంప్యూటర్ తెరుతురు. తప్పు జరిగిన నాడు ఎవరు చేసిరో తేలదు. ఎవరి పదము వారికే ఉండవలెను. ఒకరు వ్రాసిన చెల్లింపును వేరొకరు సరిచూచి అనుమతించవలెను. ఉద్యోగి బదిలీ అయిన దినముననే అతని ప్రవేశమును రద్దు చేయవలెను.

రైతు ఫోను నంబరు మార్చుమని ఎవరైన అడిగినచో, పాత నంబరునకు ఫోను చేసి విచారించిన పిదపనే మార్చవలెను. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చు ఏపీకే దస్త్రములను తెరువరాదు. బ్యాంకు పంపిన ఓటీపీ అంకెలను అధికారి అడిగినను చెప్పరాదు. సొమ్ము పోయినచో అదే గడియలో 1930కు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది ఆ సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు జారిపోవుచుండును.