ఆర్డర్ తేలకుండా రియాక్టర్ సైజు చెప్పొద్దు

ఆర్ అండ్ డీ నుంచి టెక్ ట్రాన్స్‌ఫర్ ఫైలు మీ టేబుల్ మీదికొస్తుంది. వారంలో ప్లాంటులో బ్యాచ్ పడాలి. మేనేజర్ అడిగేది ఒక్కటే: ఏ రియాక్టర్, ఎన్ని గంటలు? ఆ ఒత్తిడిలో చాలామంది కాలేజీలో బట్టీపట్టిన ఫార్ములా తీసి అంకెలు వేసేస్తారు. అది ఏ ఆర్డరుకు, ఏ రియాక్టరుకు, ఏ షరతుల మీద వచ్చిందో చూడరు. తప్పు అక్కడే మొదలవుతుంది.

అందుకే ప్రతిసారీ మోల్ బ్యాలెన్స్ నుంచి రండి. లోపలికి వచ్చింది, బయటికి పోయింది, రియాక్షన్‌లో ఖర్చయింది, లోపల పేరుకుంది: ఈ నాలుగే. బ్యాచ్‌లో రాకపోకలు ఉండవు. స్టెడీ స్టేట్ సీఎస్‌టీఆర్‌లో పేరుకునేది ఉండదు. లోపలంతా ఒకే కాన్సంట్రేషన్ కాబట్టి రేటును అవుట్‌లెట్ దగ్గర లెక్కకట్టాలి. పీఎఫ్ఆర్‌లో సన్నటి ముక్కకు బ్యాలెన్స్ రాసి, పొడవంతా ఇంటిగ్రేట్ చేయాలి.

తర్వాత రేటు స్థానంలో ఆ రియాక్షన్ ఆర్డరుకు తగ్గ రేటు సమీకరణం పెట్టండి. కే రేట్ కాన్‌స్టంట్, టీ సమయం, ఎక్స్ కన్వర్షన్, సీ0 మొదటి కాన్సంట్రేషన్ అనుకుందాం. వాల్యూమ్, టెంపరేచర్ మారని బ్యాచ్‌కు వచ్చేవి ఇవి:

జీరో ఆర్డర్: కే × టీ = సీ0 × ఎక్స్
ఫస్ట్ ఆర్డర్: కే × టీ = −ఎల్ఎన్(1 − ఎక్స్)
సెకండ్ ఆర్డర్: కే × సీ0 × టీ = ఎక్స్ / (1 − ఎక్స్)

డెన్సిటీ మారకపోతే పీఎఫ్ఆర్‌కూ ఇవే; టీ బదులు రెసిడెన్స్ టైమ్ వేయండి. సీఎస్‌టీఆర్‌లో ఇంటిగ్రేషన్ ఉండదు. జీరో ఆర్డర్ అలాగే ఉంటుంది. ఫస్ట్ ఆర్డర్‌లో కుడివైపు ఎక్స్ / (1 − ఎక్స్), సెకండ్ ఆర్డర్‌లో ఎక్స్ / (1 − ఎక్స్)² వస్తాయి.

ఇప్పుడు అంకెలు చూడండి. ఫస్ట్ ఆర్డర్‌లో కే నిమిషానికి 0.02 అయితే బ్యాచ్‌లో 90 శాతానికి 115 నిమిషాలు, 99 శాతానికి 230 నిమిషాలు. రెండు రియాక్టెంట్లు సమాన మోల్స్‌లో ఉన్న సెకండ్ ఆర్డర్‌లో కే × సీ0 అంతే అనుకుంటే, 90 శాతానికి 450 నిమిషాలు, 99 శాతానికి 4,950 నిమిషాలు. అంటే 82 గంటలు దాటుతుంది. ఇన్‌ప్రాసెస్ శాంపిల్ ఫెయిలైతే ‘ఇంకో రెండు గంటలు ఉంచండి’ అనడం మొదటి కేసులో పనిచేస్తుంది, రెండో కేసులో బ్యాచ్ టైమ్ మాత్రమే పెరుగుతుంది. అలాంటి చోట చవకైన రియాక్టెంట్‌ను బాగా ఎక్సెస్‌లో వేస్తే రియాక్షన్ ఫస్ట్ ఆర్డర్‌లా నడుస్తుంది.

బ్యాచ్‌ను కంటిన్యువస్‌కు మార్చమన్నప్పుడు కూడా ఇదే జాగ్రత్త. 90 శాతం కన్వర్షన్‌కు సీఎస్‌టీఆర్ వాల్యూమ్ పీఎఫ్ఆర్ కంటే ఫస్ట్ ఆర్డర్‌లో దాదాపు 4 రెట్లు, సెకండ్ ఆర్డర్‌లో 10 రెట్లు. జీరో ఆర్డర్‌లో రెండూ సమానం. ఆర్డర్ తప్పుపడితే కొనే రియాక్టరే తప్పవుతుంది.

సాధారణంగా దెబ్బతినే చోట్లు ఇవి.

ఒకటి, డేటా. 40 శాతం కన్వర్షన్ దగ్గర ఆపేసిన డేటాలో ఫస్ట్, సెకండ్ ఆర్డర్లు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. 90 శాతం వరకు శాంపిళ్లు తీయించండి. తీసిన వెంటనే క్వెంచ్ చేయాలి. లేకపోతే హెచ్‌పీఎల్‌సీకి వెళ్లేలోపు వయల్లోనే రియాక్షన్ సాగిపోతుంది. తర్వాత కాన్సంట్రేషన్, దాని లాగ్, దాని విలోమం మూడింటినీ సమయంతో ప్లాట్ చేసి, ఏది సరళరేఖ అయితే ఆ ఆర్డర్ తీసుకోండి.

రెండు, యూనిట్లు. ఫస్ట్ ఆర్డర్ కే యూనిట్‌లో సమయం ఒక్కటే ఉంటుంది. జీరో, సెకండ్ ఆర్డర్లలో కాన్సంట్రేషన్ కూడా ఉంటుంది. నిమిషాల్లో ఇచ్చిన కేను గంటల్లో వాడితే జవాబు 60 రెట్లు తప్పుతుంది.

మూడు, మిక్సింగ్. అజిటేటర్ ఆర్‌పీఎం పెంచితే రేటు పెరుగుతోందంటే మీరు కొలిచింది కైనెటిక్స్ కాదు, మాస్ ట్రాన్స్‌ఫర్. హైడ్రోజనేషన్లలో ఇది తరచూ జరుగుతుంది.

నాలుగు, టెంపరేచర్. పై సమీకరణాలన్నీ అది మారదన్న షరతు మీదే నిలుస్తాయి. వేడి తీసే సామర్థ్యం చాలకపోతే కే పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7న స్టైరీన్ నిల్వ ట్యాంకులో పాలిమరైజేషన్ అదుపు తప్పి ఆవిరి ఊళ్లోకి పాకింది. 12 మంది చనిపోయారు. అది రియాక్టర్ కూడా కాదు. కాబట్టి ఎక్సోథర్మిక్ రియాక్షన్ అయితే హీట్ బ్యాలెన్స్ రాయకుండా స్కేలప్ షీట్ మీద సంతకం పెట్టకండి.

ఇంటర్వ్యూలోనైనా, డిజైన్ రివ్యూలోనైనా సీనియర్లు చూసేది ఆఖరి లైను ఒక్కటే కాదు. ఏ లైను దగ్గర ఏ షరతు పెట్టారో అడుగుతారు. మీ లెక్కలో ప్రతి షరతునూ దాని లైను పక్కనే రాయండి. రేపు బ్యాచ్ తేడా కొడితే ఏ షరతు తప్పిందో ఆ కాగితం చూసే పట్టుకోవచ్చు.