మేక కొమ్ములు కోసి జోడిపి గొర్రెను చేద్దాం, చెల్లీ

చెల్లీ, పిల్లలు కాలో కొమ్మో విరగ్గొట్టిన ప్లాస్టిక్ మేక ఇంట్లో ఉంటే పారెయ్యకు. తిరనాళ్ళలో సంచికి ఇన్నని అమ్మే బొమ్మ జంతువులుంటాయే, వాటిలో మేకా, ఆవూ, పులీ దొరికితే దాచిపెట్టు. ఈసారి మన ముచ్చట్లు వాటి గురించే. వాటిని కోసి, అతికి, మక్కు పెట్టి, రంగేసి, పులిజూదం పలక మీదికి దించే పని నన్ను బాగా పట్టుకుంది. నీకూ అంటించాలని ఉంది.

‘పిల్లల బొమ్మలతో ఇంత పెద్దదానికి ఏం పని’ అని ఇంట్లో ఎవరన్నా అంటారేమోనని నీకు జంకు ఉంటుంది, నాకు తెలుసు. మన చేతిపనికి ఎప్పుడూ ఒక లెక్క చూపాలి కదమ్మా. కుట్టు అయితే ఎవరి జాకెట్టు, అల్లిక అయితే ఏ తలుపుకు, పచ్చడి అయితే ఎన్నాళ్ళొస్తుంది. ఎవరికో పనికొస్తేనే కూర్చునే హక్కు వచ్చినట్టు పెరిగాం. ఇది ఆడుకోవడానికి చేసే పని. పెద్దవాళ్ళం, మనం ఆడుకోవడానికి. ఆ మాట పైకి అనడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నువ్వు అంత ఆగొద్దు.

ప్రపంచంలో ఈ పనిని ప్రాణంగా చూసుకునే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో గేమ్స్ వర్క్‌షాప్ అని ఒక కంపెనీ ఉంది. 1983లో వాళ్ళు ‘వార్‌హామర్’ అనే బల్లమీది యుద్ధం ఆట తెచ్చారు. 1987లో ‘వార్‌హామర్ 40,000’ వచ్చింది. బొటనవేలంత సైనికులు, ఎలుక మనుషులు, ఒళ్ళంతా నోరే అయిన స్క్విగ్ అనే పిచ్చి జంతువులు, గుంపుగా పాకే నర్గ్లింగ్‌లు, ఇట్టా ఎన్నో. బొమ్మలు ముక్కలుగా, రంగు లేకుండా వస్తాయి. కోసుకోవడం, అతుక్కోవడం, రంగేసుకోవడం కొన్నవాళ్ళ పని. పెట్టె మీద ఉన్నట్టే అతికితే అది అందరి దగ్గరా ఉండే బొమ్మ. ఒకదాని తల తీసి ఇంకోదానికి పెట్టి, లేని తోక పుట్టించి, కాలు వంచి నడక మారిస్తే దాన్ని కన్వర్షన్ అంటారు. ఆ కంపెనీ 1987 నుంచి గోల్డెన్ డీమన్ అనే రంగుల పోటీ కూడా పెడుతోంది. గెలిచిన బొమ్మల ఫొటోలు చూస్తే ఈగ తలంత కంటిలోనూ వెలుగు కనిపిస్తుంది.

అంతకు ముందే 1913లో హెచ్.జి. వెల్స్ అనే ఆంగ్ల రచయిత ‘లిటిల్ వార్స్’ అని పుస్తకం రాశాడు. నేల మీద బొమ్మ సైనికుల్ని నిలబెట్టి, స్ప్రింగు ఫిరంగితో చిన్న చెక్క గుళ్ళు కొట్టి పడగొట్టే ఆట అది. మగపిల్లల ఆటలు ఇష్టపడే తెలివైన ఆడపిల్లలకూ ఇది పనికొస్తుందని పుస్తకం పేరులోనే చేర్చాడు. మనకాడ కూడా అట్టాంటి పంపకమే ఉండేది. అరుగు మీద పులిజూదం మగవాళ్ళది, లోపలింట్లో వామనగుంటలూ అష్టాచెమ్మా మనవి. ఆ పంపకం నాకు నచ్చదు. పులిజూదం మన ఆట కూడా.

ఆ ఆట నీకు గుర్తుందా? ఇరవై మూడు చోట్లు, 3 పులులు, 15 మేకలు. శిఖరం నుంచి జారే గీతలూ, వాటిని కోసే అడ్డగీతలూ. మేకల్ని ఒక్కొక్కటిగా దించాలి, అన్నీ దిగేదాకా అవి కదలకూడదు. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దూకి తినేస్తుంది. మేక దేన్నీ చంపలేదు. ఒకదాని వెనక ఒకటి నిలబడి, పులికి అడుగు తీసే చోటు లేకుండా కట్టెయ్యడమే దాని యుద్ధం. రెండు వైపులా సమానమైన సేనలుండే చదరంగం కన్నా నాకు ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. గులకరాళ్ళతో, చింతపిక్కలతో, సుద్దగీతల మీద ఆడేవాళ్ళం. పెద్ద పులికీ బక్క మేకకూ తేడా కంటికి కనపడేట్టు ఆడితే ఎట్టా ఉంటుందో చూడాలనిపించి మొదలుపెట్టాను.

మొదలుపెట్టగానే ఒక సంగతి తేలింది. కొన్న బొమ్మల్లో మన జంతువు ఒక్కటీ లేదు. మేకలన్నీ ఎక్కడివో, గడ్డాలు వేలాడేసుకుని, కొమ్ములు వెనక్కి వంచుకుని ఉన్నాయి. నేను చిన్నప్పటి నుంచి చీమకుర్తి రోడ్డు మీద బస్సు ఆపి దాటిపోయిన మందలు నెల్లూరు గొర్రెలవి. ఒళ్ళంతా తెలుపైతే పల్ల అంటారు. గోధుమరంగైతే దొర. తెల్లటి ఒంటి మీద మూతికీ, కళ్ళ చుట్టూ, కింది దవడకూ నల్లమచ్చలుంటే జోడిపి. ఈ గొర్రెలు మన దేశంలోని ఎత్తైన గొర్రెల్లో లెక్క. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, ఉన్ని బదులు పొట్టి వెంట్రుకలు. దూరం నుంచి చూస్తే మేకే అనుకుంటారు. అందుకని ప్లాస్టిక్ మేకను జోడిపి చెయ్యడానికి కొత్త ఒళ్ళు అక్కర్లేదు. పదిహేను మేకలకూ పదిహేను జోడిపులు దించాలని అట్టా నిశ్చయించుకున్నాను.

ఆడగొర్రెకు మామూలుగా కొమ్ములుండవు, కాబట్టి ముందు కొమ్ములు కొయ్యి. గడ్డం కొయ్యి. తర్వాత తోక. మేక తోక పైకి లేచి ఉంటుంది, గొర్రె తోక కిందికి వాలుతుంది. ఈ ఒక్కటి మార్చకపోతే ఎంత రంగేసినా అది మేకగానే ఉంటుంది. పాత తోక తీసేసి, గుండుసూదితో చిల్లు పొడిచి, సన్నటి రాగితీగ దించి ఫెవిక్విక్ చుక్క పెట్టు. ఆ తీగ మీద ముద్ద అంటిస్తే తోక ఊడదు. చెవులూ అంతే. మెడ కింద రెండు లోలకులు వేలాడతాయి, చాలా గొర్రెలకు ఉంటాయవి. చిన్నగింజలంత ముద్ద చాలు. ఈ పని చేసేటప్పుడు మా అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమె పుట్టింట్లో మందలుండేవి. ఎండలో గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల పెట్టుకుని నిలబడతాయని ఆమె చెప్పాకే కొన్నిటి మెడలు కోసి కిందికి వంచి అతికాను. పలక మీద దగ్గరగా పెడితే ఇప్పుడది మంద.

ముద్ద అన్నాను కదా, దాని సంగతి చెప్తాను. వార్‌హామర్ వాళ్ళు పసుపు, నీలం ముద్దలు కలిపి ఆకుపచ్చగా వచ్చే ఎపాక్సీ పుట్టీ వాడతారు. మనకు హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్ సరిపోతుంది. రెండు ముద్దలూ సమంగా తీసుకుని రంగు కలిసిపోయేదాకా పిసుకు. త్వరగా బిగుస్తుంది, కొంచెం కొంచెమే కలుపు. చేతికి తొడుగు వేసుకో, కిటికీ తీసిపెట్టు. పనిముట్టు తడిచేస్తే ముద్ద అంటుకోదు. పాత క్రోషే సూది, పుల్ల, దువ్వెన పన్ను, అన్నీ పనికొస్తాయి.

ఇదంతా పరాయి విద్య అనుకోవద్దు. విజయవాడ పక్కన కొండపల్లిలో తరతరాలుగా జరుగుతున్నది ఇదే. తెల్లపొణికి అని మెత్తటి, తేలికైన కర్ర. ఒంటిని వేరుగా, చేతుల్నీ చెవుల్నీ తోకల్నీ వేరుగా చెక్కుతారు. చింతగింజల పొడికీ రంపపు పొట్టుకీ నీళ్ళు కలిపి చేసిన మక్కుతో అతుకులు పూడుస్తారు. మీద సున్నం పూస్తారు, ఆరాక మేకవెంట్రుకల కుంచెతో రంగులేస్తారు. ఇంగ్లండు వాళ్ళు ప్రైమర్ అని తెల్లటి పూత వేసేది ఆ సున్నం చేసే పనికోసమే. కింది మెటీరియల్ రంగు పైకి రాకుండా, పైరంగు పట్టుకునేట్టు. ఏటికొప్పాక బొమ్మ దారి వేరు. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూనే లక్కరంగు అద్దుతారు, 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందం చాలా ఉంటుంది గానీ, గుండ్రంగా తిరిగి తయారైన ఒంట్లో ఇట్టా చెవి మార్చి పెట్టే చోటు తక్కువ. మన పనికి గురువులు కొండపల్లి వాళ్ళే.

రంగుకు ముందు బొమ్మను సబ్బునీళ్ళతో కడుగు. అచ్చులోని జిడ్డు పోవాలి. గోరుతో నొక్కితే లొంగే మెత్తటి ప్లాస్టిక్ అయితే ఎనామిల్, స్ప్రే పెయింట్లు వద్దు, కొన్నిసార్లు ఎప్పటికీ జిగురుగానే ఉండిపోతాయి. చీరల మీద వేసే ఫెవిక్రిల్ అక్రిలిక్ రంగులు నీ దగ్గర ఉండే ఉంటాయి, అవే తీసుకో. పాలంత పలచగా చేసి రెండు మూడు పూతలు వెయ్యి. తెలుపు తేలిక అనుకుంటాం, అన్నిట్లోకీ కష్టం అదే. సూటిగా తెలుపు వేస్తే సుద్దముక్క అవుతుంది. ముందు బూడిదరంగు కలిసిన తెలుపు, పక్కటెముకల మధ్యా తొడల మడతల్లోనూ నీళ్ళలాంటి గోధుమరంగు, ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఎత్తుల మీద మాత్రం అసలు తెలుపు రుద్దు. మచ్చలు చివర్న.

పులి దగ్గర ఎక్కువసేపు కూర్చో. కొన్న పులికి చారలు కడ్డీల్లాగా గీసి ఉంటాయి. నిజం పులి చార ఒకచోట లావై, చివర సన్నమై, కొన్నిచోట్ల రెండుగా చీలి మళ్ళీ కలుస్తుంది. ఎడమ పక్క ఉన్నట్టు కుడి పక్క ఉండదు. పొట్టా, దవడా, కళ్ళ పైనా తెలుపు. చెవి వెనక నలుపు, ఆ నలుపులో ఒక తెల్లచుక్క. మనకు నల్లమల దూరం కాదు. అక్కడి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. అడవిలో కెమెరాలు పెట్టి తీసిన ఫొటోల్లో ఏ పులి ఏదో చారల్ని బట్టే పోలుస్తారు, ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు గనక. నీ మూడు పులులకూ మూడు రకాల చారలు పెట్టు. ఆటలో కూడా పనికొస్తుంది, ‘నుదుటి మీద చీలిన చార దాన్ని కట్టేశాం’ అని చెప్పొచ్చు.

ఇక పలక. ఈ ఒక్క విషయంలో మన ఊరికి వచ్చినంత అదృష్టం ఇంకే ఊరికీ రాలేదు. చీమకుర్తి, రామతీర్థం క్వారీల్లో దొరికే బ్లాక్ గెలాక్సీ ఓడలెక్కి దేశాలు పోతుంది. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, రాళ్ళ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. నల్లటి రాతిలో బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. పాలిష్ యూనిట్ల దగ్గర కోతల్లో మిగిలిన ముక్కలు అడిగితే ఇస్తారు. నువ్వు మాత్రం కొయ్యకు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. శిలాఫలకాల మీద అక్షరాలు చెక్కేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి పులిజూదం గీతలు చెక్కించి, గాళ్ళలో తెల్లరంగు నింపించు. పాలిష్ రాతి మీద కుంచెతో గీస్తే నాలుగు ఆటలకే లేచిపోతుంది. బొమ్మల కాళ్ళ కింద ఇనుప వాషర్ అతికితే బరువొచ్చి పడిపోవు, దాని కింద పాత వెల్వెట్ ముక్క అంటిస్తే రాయి గీరుకోదు. చేత్తో పట్టుకునే బొమ్మలు కాబట్టి మెరుపు లేని వార్నిష్ తప్పనిసరి. ముక్కు మీదా కంట్లోనూ మాత్రం మెరిసే వార్నిష్ చుక్క పెట్టు, తడిగా కనపడతాయి.

ఇప్పుడు నా బల్ల మీద ఒక ప్లాస్టిక్ ఆవు ఉంది. సీమ ఆవు, వీపు చదునుగా, గంగడోలు లేకుండా. దాన్ని ఒంగోలు గిత్తగా మార్చి సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టాలని. బ్రెజిల్ వాళ్ళు ఈ జాతిని తీసుకెళ్ళి నెలోరె అని మన నెల్లూరు పేరే పెట్టుకుని మందలు మందలుగా పెంచుకుంటుంటే, మన కొలువులో సీమ ఆవు ఎందుకమ్మా? కొమ్ములు పొట్టిగా కత్తిరించు. గంగడోలుకు ముద్దను పల్చగా వత్తి, దవడ కింది నుంచి ముందుకాళ్ళ మధ్యదాకా మడతలుగా వేలాడదీయి. మూతీ, కంటి చుట్టూ నలుపు, తలా మెడా మూపురం మీద ముదురు బూడిద, మిగతా ఒళ్ళు తెలుపు. మూపురం ముద్ద మాత్రం సరిగ్గా ముందుకాళ్ళ పైన పెట్టు, వీపు మధ్యకు జరగనివ్వకు.