తక్కువ ఖర్చుతో రికార్డు పాట

మా నాన్నగారి ట్రంకుపెట్టెలో నలభై రెండు రికార్డులున్నాయి. ఘంటసాల భగవద్గీత, బాలమురళిగారి కచేరీ ఎల్పీలు రెండు, సినిమా ఇ.పి.లు ఓ పదిహేను, తక్కినవి మా తాతగారి నాటి నాటక పద్యాల 78లు. గీత ఈ రోజు ఎక్కడైనా వినొచ్చు. ఆ పద్యాలు మాత్రం నాకింకెక్కడా దొరకలేదు. వాటిని మళ్ళీ పాడించాలని, అమీర్‌పేటలో నా అద్దెగదిలో ఇరవై వేలు దాటకుండా ఒక సెట్టు కూర్చుకోడానికి ఏడాదిన్నర పట్టింది. అందులో ఏడాది చేసిన తప్పులు దిద్దుకోడానికే సరిపోయింది. మన కాలేజీ మిత్రులు చాలామంది ఈ మధ్య ఇదే దారిన పడుతున్నారు గనక ఆ తప్పులు చెప్పడం మంచిదనిపించింది.

మొదటిది చిన్న సూట్‌కేసులాంటి ప్లేయరు. ముచ్చటగా ఉంటుంది. స్పీకర్లు, ఆంప్లిఫయరు అన్నీ అందులోనే. సంబరంగా గీత పెట్టాను. పది పన్నెండుసార్లు వేశాక సకారం వచ్చినచోటల్లా బుస్సుమనడం మొదలైంది. ముల్లు మార్చి వేసినా ఆ బుస పోలేదు. అంటే పాడైంది ముల్లు కాదు, రికార్డు.

కారణం ఇంటర్మీడియెట్ ఫిజిక్సే. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. ముల్లు గాడిలో రెండు గోడలకీ ఆనే చోటు మిల్లీమీటరులో నూరో వంతైనా ఉండదు. మూడు గ్రాముల బరువే అక్కడ చదరపు సెంటీమీటరుకి టన్నుల లెక్కకొస్తుంది. ఇలాంటి చౌక ప్లేయర్లలో ఉండే సెరామిక్ కార్ట్రిడ్జి అయిదు గ్రాముల పైచిలుకు మోపుతుంది. బరువు సరిచేసుకునే వీలు కూడా ఉండదు. కాబట్టి డబ్బు తక్కువున్నవాళ్ళు ముందు ఖర్చు పెట్టవలసింది ముల్లుమీద, అది మోపే బరువుమీద. పెట్టె పాతదైనా, గీతలు పడ్డా ఫరవాలేదు.

నాకు రెండో ప్లేయరు ఉచితంగా దొరికింది. అమెరికాలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి తన పాత బెల్టు ప్లేయరు తెచ్చి బంజారా హిల్స్‌లో మా అత్తయ్యగారింట్లో వదిలి వెళ్ళాడు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పంజాగుట్ట మీదుగా తెచ్చుకున్నాను. కోఠీ గుజరాతీ గల్లీలో 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు కొని తగిలించాను. తిరిగింది. ఆ రోజు ఊరినుంచి వచ్చిన నాన్నగారు రెండు నిమిషాలు విని, "ఏమిట్రా, ఘంటసాలకి జలుబు చేసిందా?" అన్నారు.

జలుబు కాదు, సైకిల్సు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని మారుస్తుందే గాని ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడి కరెంటు సెకనుకి 60 సైకిల్సు, మనది 50. ఆ ప్లేయరులో ఉన్నది ఎ.సి. సింక్రనస్ మోటారు. దాని వేగం సైకిల్సుని బట్టే ఉంటుంది. ఆరింట అయిదో వంతుకి పడిపోయి, నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసింది 28కి లోపే తిరిగింది. శ్రుతి మూడు మెట్లు దిగిపోయింది. అమెరికానుంచి ప్లేయరు తెప్పించుకునేవాళ్ళు ముందు మోటారు సంగతి అడగండి. డి.సి. మోటారైతే ఈ బాధ లేదు. అడాప్టరు మారిస్తే సరిపోతుంది.

మందు ఏమిటంటే మోటారు పుల్లీని లావు చేయడం. పాతది 10 మి.మీ. ఉంది. బాలానగర్‌లో ఒక లేతు మేస్త్రి చేత 12 మి.మీ.కి ఇత్తడిది తిప్పించాను. పాట ఇంకా నూటికి ఒక వంతు నెమ్మది. రాత్రంతా బుర్ర గోక్కున్నాక తట్టింది, బెల్టు మందం లెక్కలో వేసుకోలేదని. బెల్టు 0.8 మి.మీ. మందం. ఆరు బై అయిదుతో గుణించవలసింది 10ని కాదు, 10.8ని. వచ్చినదాంట్లోంచి మళ్ళీ 0.8 తీసేస్తే 12.16. "వెంట్రుక వాసి తేడాకి మళ్ళీ వచ్చావా తమ్ముడూ!" అని నవ్వాడు గాని, మేస్త్రి రెండోసారి డబ్బు తీసుకోలేదు.

వేగం సరిపోయిందని ఎలా తెలుసు? చోకు ఉన్న పాత ట్యూబులైటు సెకనుకి నూరుసార్లు మిణుకుతుంది, నిమిషానికి ఆరువేలు. దాన్ని 33⅓తో భాగిస్తే 180. అట్టముక్క మీద వృత్తం గీసి 180 నల్లగీతలు సమదూరంలో వేసి, మధ్యలో చిల్లు పెట్టి పళ్ళెం మీద తిప్పండి. గీతలు కదలకుండా నిలబడితే వేగం సరి. వెనక్కి జారితే నెమ్మది, ముందుకి జరిగితే ఎక్కువ. ఎల్ఇడి బల్బు కింద చాలాసార్లు ఇది పనిచేయదు.

కార్ట్రిడ్జి కొత్తది కొన్నాను. నా డబ్బులో మూడో వంతు దానికే పోయింది. ఆడియో-టెక్నికా విఎమ్95ఇ, రెండు గ్రాములు మోపాలి. బరువు చూడ్డానికి జేబులో పట్టే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు. ఆ కాటాని నమ్మొచ్చా అనే అనుమానముంటే ఖడ్గమృగం బొమ్మ ఉన్న పాత స్టీలు పావలా తూచి చూడండి. అది 2.83 గ్రాములు. 2011లో చెల్లకుండా పోయింది గాని ఈ పనికి ఇంకా చెల్లుతుంది.

ఇక శబ్దం. ఇలాంటి మాగ్నెటిక్ కార్ట్రిడ్జి ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్రం తగ్గించి, తారం పెంచి కోస్తారు. లేకపోతే గాడులు మరీ వెడల్పై ఎల్పీలో అంతసేపు పాట పట్టదు. ఈ కొలతని ఆర్.ఐ.ఎ.ఎ. వక్రరేఖ అంటారు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. 20 హెర్ట్జ్ దగ్గర ఇంచుమించు 20 డెసిబెల్సు పెంచాలన్నమాట. ఆ పని ఫోనో ప్రీఆంప్లిఫయరుది. మామూలు ఆక్స్ సాకెట్‌లో పెడితే పాట దోమ పాడినట్టుంటుంది. పాత స్టీరియో ఆంప్లిఫయరు కొనేటప్పుడు వెనక 'ఫోనో' అని రాసి ఉందో లేదో చూసుకోండి. లేకుంటే ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు 5532 ఐ.సి.తో చిన్న సర్క్యూటు కట్టుకోవచ్చు. నేను కట్టాను, మొదటి రోజే బొయ్యిమని మోగింది. అద్దెగది ప్లగ్గులో మూడో కన్నం అలంకారానికే ఉందట, వెనక ఎర్తు తీగే లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు వేయించి, ప్లేయరునుంచి వచ్చే సన్నని తీగను ఆంప్లిఫయరు స్క్రూకి బిగించాక ఆ మోత ఆగింది.

స్పీకర్లు పాతవే. జుమ్మేరాత్ బజారులో కొన్నాను. కొనేముందు కోను అంచున ఫోము వేలితో తాకి చూడాలి. పొడిపొడిగా రాలితే వదిలేయండి. ప్లేయరుని, స్పీకర్లని ఒకే బల్లమీద పెట్టొద్దు, అదురు ముల్లుకెక్కి గీపెడుతుంది. రికార్డులు కడగడానికి బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తని గుడ్డ చాలు. 78లకి మాత్రం స్పిరిటు పొరపాటున కూడా తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

ఆ 78ల పని ఇంకా మిగిలే ఉంది. వాటి గాడి ఎల్పీ గాడికి మూడింతలు వెడల్పు. మామూలు ముల్లు అడుక్కి దిగి దుమ్ము గోకుతుంది. నా కార్ట్రిడ్జికే సరిపోయే లావు ముల్లు వేరే దొరుకుతుంది, తెప్పించాను. వేగమే చిక్కు. లెక్క వేస్తే దాదాపు 29.5 మి.మీ. పుల్లీ కావాలి. అంత లావుది పళ్ళెం కింద పడుతుందో లేదో కొలిచి, మేస్త్రి దగ్గరికి మూడోసారి వెళ్ళాలి. పద్యాలెప్పుడు వినిపిస్తావని నాన్నగారు ప్రతి ఆదివారం ఫోనులో అడుగుతున్నారు.