యుద్ధభూమి ఛాయాచిత్రములు: స్థలపరిశోధనము

చరిత్రపాఠములందలి ఛాయాచిత్రములు ఉన్న దున్నట్లు చెప్పునని మనము నమ్ముచుందుము. చిత్రమును చేతఁబట్టుకొని, అది తీయఁబడిన చోటికే పోయి, మరల చిత్రము తీసి పోల్చినచో ఆ నమ్మకము ఎంతవఱకు నిలుచునో తెలియును. ఇందుల కొక యుదాహరణమును పరిశీలింతము.

అమెరికా అంతర్యుద్ధములో 1863 జూలై 1 మొదలు 3 వఱకు పెన్సిల్వేనియా రాష్ట్రమందలి గెటిస్‌బర్గు వద్ద ఘోరసంగ్రామము జరిగెను. అది ముగిసిన కొలఁది దినములకే అలెగ్జాండరు గార్డనరు సహచరులతో వచ్చి, ఇంకను పూడ్చఁబడని మృతవీరుల చిత్రములను తీసెను. 1866లో ఆయన ప్రకటించిన గ్రంథమున ఒక చిత్రము మిక్కిలి ప్రసిద్ధము. బండల నడుమ పేర్చిన రాతిగోడ చెంత ఒక యువకుఁడు మరణించి పడియున్నాఁడు. తుపాకి గోడకు చేర్పఁబడి యున్నది. ఇతఁడు అచ్చటనే పొంచి శత్రువులను కాల్చిన దక్షిణపక్షపు గుఱికాఁడని గార్డనరు వ్రాసెను.

సుమారు నూఱేండ్లకు పిమ్మట విలియం ఫ్రాసనీటో అను చరిత్రకారుఁడు పాత చిత్రములతో ఆ భూమియందు సంచరించెను. చెట్లు పెరుగును, కూలును, కంచెలు మాఱును, పెద్దబండలు మాత్రము సులభముగా కదలవు. కావున దగ్గఱిబండ అంచు దూరపుబండలో ఏ భాగమును కప్పుచున్నదో ముందుగా చిత్రములో గుర్తింపవలెను. స్థలమున ఆ రెండును అట్లే కనఁబడువఱకు జరిగినచో ఒక సరళరేఖ దొరకును. అట్టి రెండు రేఖలు కలియుచోటనే నాఁటి కెమెరా నిలిచియుండును.

ఇట్లు చోటులను పోల్చి, 1975లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఒక సంగతిని వెల్లడించెను. ఆ యువకుని దేహమే కొండవాలున వేఱొకచోట పలుమాఱులు చిత్రింపఁబడినది. పిదప కొన్ని పదుల గజముల దూరము మోసికొనిపోయి, రాతిగోడ చెంత నుంచిరి. ఆ తుపాకియు గుఱికాండ్రు సాధారణముగా వాడునది కాదు.

అట్లయిన చిత్రము అబద్ధమా? గోడ నిజము, మరణమును నిజమే, వానిని కలిపిన కథయే కల్పితము. పేరు నిశ్చయముగా తెలియని ఆ బాలవీరుఁడు నిజముగా పడియున్న చోటు, మనోహరమైన దృశ్యము కొఱకు, నూఱేండ్లకు పైగా మఱుగుపడెను. మృతునికి జరిగిన ఈ యన్యాయమును సరిదిద్దినవి కదలని బండలును, ఒకని యోపికయును.

విద్యార్థులారా! మీ యూరి పాత చిత్ర మొకటి దొరికినచో, దాని క్రింది వ్రాతను నమ్ముటకు ముందు ఆ చోట నొకమాఱు నిలిచి చూడుఁడు.