రీబిల్డింగ్ అంటే ఏంటసలు?

మా హాస్టల్లో ఏ టీమ్ ఓడినా వినిపించే మాట ఒకటే, "రీబిల్డింగ్‌లో ఉన్నాం రా". ఓటమికి పెట్టిన ముద్దుపేరేమో అనుకునేవాణ్ణి. ఆర్సెనల్‌ని ఫాలో అయ్యాక తెలిసింది, రెండూ ఒకటి కాదని.

2021 ఆగస్టు 28, సాయంత్రం 5 గంటల మ్యాచ్. నేనప్పుడు పదో తరగతి. మాంచెస్టర్ సిటీ చేతిలో 0-5. సీజన్‌లో మూడు మ్యాచ్‌లు, మూడూ ఓటమే, ఒక్క గోల్ లేదు, టేబుల్లో అట్టడుగు. "ఇంకా ఏం చూస్తావురా" అని అన్నయ్య టీవీ కట్టేశాడు.

కానీ ఆ వేసవిలో క్లబ్ కొన్న ఆరుగురిలో ఒక్కరికీ 24 నిండలేదు. ఓడెగార్డ్, బెన్ వైట్, రామ్స్‌డేల్... వీళ్లని కొన్నది ఆ ఒక్క సీజన్ కోసం కాదు. సాకా అయితే సొంత అకాడమీ కుర్రాడే.

నిజానికి కొనడం తేలిక, వదులుకోవడమే కష్టం. పెద్ద జీతమున్న ఓజిల్‌ని 2021 జనవరిలో పంపేశారు. మరుసటి ఏడాది ఒబమెయాంగ్‌ని, నిన్నటిదాకా కెప్టెన్‌ని, కాంట్రాక్ట్ మిగిలుండగానే వదిలేశారు. రన్ అవుతున్న కోడ్‌ని డిలీట్ చేయాలంటే మనకే మనసొప్పదు, ఇక స్టార్ స్ట్రైకర్‌నా!

కోచ్ ఆర్టెటా వచ్చింది 2019 డిసెంబర్లో. ఆ సీజన్ 8వ స్థానం, తర్వాత మళ్లీ 8, ఆపైన 5, ఆ తర్వాత వరుసగా మూడుసార్లు 2. మధ్యలో కోచ్‌ని మార్చలేదు. అందుకే మీ టీమ్ ఓడినప్పుడు స్కోర్ ఒక్కటే చూడకండి. పోయినేడాది కుర్రాళ్లే మళ్లీ దిగారా, వాళ్లకి ఇంకా ఎన్నేళ్ల ఆట ఉంది, అది చూడండి.

అన్నయ్య ఇప్పుడు నాకంటే ముందే టీవీ ముందుంటాడు. ఆ 0-5 గుర్తుచేస్తే మాత్రం, "ఏ మ్యాచ్ రా అది?" అంటాడు.